ఇరవై అంకెల సంఖ్య – చివరి నాలుగైదు అంకెలు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో చదరంగపు గళ్ల లెక్క గురించి వచ్చిన వ్యాసం చదివాను. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే అరవై నాలుగు గళ్లకూ కలిపి ఎన్ని గింజలవుతాయన్నది చాలామందికి తెలిసిన కథే. అయినా ఈసారి మీరు కథతో ఆగకుండా, ఆ మొత్తానికి సంబంధించిన గణిత లక్షణాలను విడిగా ఒక పెట్టెలో ఇచ్చారు. ఆ ఆలోచన మంచిది. ఆ పెట్టెలో దొర్లిన ఒక పొరపాటును మీ దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. పొరపాటు చిన్నదిగానే కనిపిస్తుంది కానీ, దానివల్ల పెట్టెలోని మిగతా సమాచారమంతా తప్పుగా మారింది.

పెట్టె తలభాగంలో అచ్చయిన సంఖ్య 18446744073709552000. నిజానికి ఉండవలసినది 18446744073709551615. రెండింటి మధ్య తేడా 385. ఎన్ని గింజలు, ఎంత పెద్ద రాశి అన్న ప్రశ్నకు ఈ తేడా అసలు లెక్కలోకే రాదు. మన పద్ధతిలో చదివితే రెండూ సుమారు లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లే. కానీ ఆ సంఖ్య కిందనే మీరు దాని లక్షణాలు ఇచ్చారు: అంకెల మొత్తం 87 అనీ, అది బేసి సంఖ్య అనీ, దాని ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనీ, దానికి మొత్తం 128 భాజకాలు ఉన్నాయనీ రాశారు. ఇవన్నీ అసలు సంఖ్యకు అక్షరాలా నిజం. అచ్చయిన సంఖ్యకు మాత్రం వీటిలో దాదాపు ఏదీ వర్తించదు.

సరిచూసుకోవడానికి కాగితం, కలం చాలు. అచ్చయిన సంఖ్య మూడు సున్నలతో ముగుస్తుంది కనుక అది సరి సంఖ్య. దాని అంకెలు కూడితే 76 వస్తుంది కనుక 3తో భాగించబడదు. మిగతా కారణాంకాల కోసం ఇరవై అంకెలకు భాగహారం చేయనక్కర లేదు. అసలు సంఖ్య ఆ ఏడు ప్రధాన సంఖ్యలతోనూ నిశ్శేషంగా భాగించబడుతుంది. అచ్చయిన సంఖ్య దానికంటే 385 ఎక్కువ. కాబట్టి ఆ ఏడింటిలో 385ను భాగించేవి ఏవో అవి మాత్రమే అచ్చయిన సంఖ్యనూ భాగిస్తాయి. 385 అంటే 5 × 7 × 11. అంటే ఏడింటిలోనూ 5 ఒక్కటే మిగిలింది, తక్కిన ఆరూ తప్పిపోయాయి.

ఈ పొరపాటు ఎలా వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. లెక్కించిన వారిది గానీ, అక్షరాలు కూర్చిన వారిది గానీ తప్పు అయి ఉండదు. కంప్యూటర్లలో మామూలుగా వాడే దశాంశ బిందువు లెక్కల పద్ధతిలో ఒక సంఖ్యకు 53 ద్విసంఖ్యా స్థానాల (0, 1 అంకెలతో మాత్రమే రాసే పద్ధతిలోని స్థానాల) వరకే కచ్చితత్వం ఉంటుంది. మన సంఖ్యను ద్విసంఖ్యామానంలో రాస్తే వరుసగా 64 ఒకట్లు వస్తాయి. 2⁶³కీ 2⁶⁴కీ మధ్య ఆ పద్ధతి 2048కి ఒకటి చొప్పున మాత్రమే సంఖ్యలను గుర్తుపెట్టుకోగలదు. అందువల్ల మన సంఖ్య దానికి దొరకదు. అతి దగ్గరగా ఉన్న 2⁶⁴నే, అంటే 18446744073709551616నే, తీసుకుంటుంది. తిరిగి చూపించేటప్పుడు, తనకు తెలిసినంత మేరకు సరిపోయే అంకెలు మాత్రం ఇచ్చి, మిగిలిన చోట సున్నలు పెడుతుంది. అలా వచ్చేదే 18446744073709552000. తెర మీద ఇరవై అంకెలూ నిండుగా కనిపిస్తాయి కనుక చూసేవారికి ఏ అనుమానమూ రాదు. నా మట్టుకు నాకు ఇదే అన్నిటికంటే ఇబ్బందికరమైన సంగతి. "సుమారు" అనే మాట ఉంటే చదివేవారు జాగ్రత్త పడేవారు. ఇక్కడ ఉజ్జాయింపు విలువ కచ్చితమైన విలువలా కనిపిస్తోంది.

వెయ్యేళ్ల క్రితం అల్ బిరూనీ అనే పండితుడు ఇదే మొత్తాన్ని యంత్రం సాయం లేకుండా సాధించిన పద్ధతి ఇక్కడ చెప్పుకోదగినది. గడి గడికీ కూడుకుంటూ పోకుండా, 16ను వర్గం చేయడం, వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేయడం, చివర ఒకటి తీసివేయడం, అంతే ఆయన చేసినది. 16 వర్గం 256, దాని వర్గం 65536, దాని వర్గం 4294967296. ఈ పదంకెల సంఖ్యను దానితోనే ఒకసారి గుణించి, ఒకటి తీసేస్తే మన సంఖ్య వస్తుంది. అరవై మూడు కూడికల చోట నాలుగు గుణకారాలు చాలు. ఓపికగల విద్యార్థి ఎవరైనా ఒక పూటలో చేసి సరిచూసుకోవచ్చు.

ఒకటో రెండో తేడా వస్తే ఏమైందనుకునేవారు ఈ సంఖ్యనూ, దాని పక్కనే ఉన్న రెండింటినీ కలిపి చూడాలి. చివర 616 ఉన్న సంఖ్య 2⁶⁴. దానికి ఒకే ఒక ప్రధాన కారణాంకం, 2. భాజకాలు 65. ఒకటి తగ్గించి 615కు వస్తే ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు వస్తాయి. ప్రతిదీ ఒక్కసారే వస్తుంది కాబట్టి, ఒక్కొక్కదాన్ని తీసుకోవడమో వదలడమో అనే రెండేసి అవకాశాలతో 2⁷ = 128 భాజకాలు ఏర్పడతాయి. అటువైపు ఒకటి కలిపి 617కు పోతే పరిస్థితి పూర్తిగా వేరు. ఆ సంఖ్యకు రెండే ప్రధాన కారణాంకాలు, 274177, 67280421310721. వాటిని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ప్రకటించాడు. దాని భాజకాలు నాలుగే. మూడు వరుస సంఖ్యలు, పరిమాణంలో తేడా కనిపించని మూడు సంఖ్యలు, నిర్మాణంలో ఒకదానికొకటి ఏ పోలికా లేనివి. గింజల లెక్కలో 616 అని వేసినా 617 అని వేసినా ఎవరూ గమనించరు. కారణాంకాల విషయంలో మాత్రం ఆ ఒక్కటే సర్వస్వం.

మీ పెట్టెలో ఆ ఏడు ప్రధాన సంఖ్యలను ఇచ్చి ఊరుకున్నారు. అవి ఎక్కడినుంచి ఊడిపడ్డాయో ఒక్క వాక్యమైనా రాసి ఉంటే బాగుండేది. ఈ సంఖ్యలో అసలు అందమంతా అక్కడే ఉంది. రెండు వర్గాల భేదాన్ని రెండు కారణాంకాలుగా విడదీయడం ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు. మన సంఖ్య 2⁶⁴ – 1 కనుక అది (2³² – 1) × (2³² + 1) అవుతుంది. ఎడమవైపున్నది మళ్లీ అదే రూపంలో ఉంది కాబట్టి దాన్నీ విడదీయవచ్చు. అలా చివరిదాకా పోతే మిగిలేవి 2 + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1, 2³² + 1. అంకెల్లో రాస్తే 3, 5, 17, 257, 65537, 4294967297. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మాత్రం కాదు. అది 641 × 6700417గా విడిపోతుంది. మీరిచ్చిన ఏడు సంఖ్యలు ఇవే.

ఆ ఆరోదాని వెనుక ఒక పెద్ద చరిత్ర ఉంది. 2కు ఘాతంగా 1, 2, 4, 8, 16, 32 లాంటి 2 ఘాతాలనే పెట్టి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు తన లేఖల్లో అభిప్రాయపడ్డాడు. మొదటి ఐదింటికీ అది నిజం కావడంతో ఆయన నమ్మకం బలపడి ఉండవచ్చు. 1732లో ఆయిలర్ అనే స్విస్ గణితజ్ఞుడు ఆరోదానికి 641 కారణాంకమని చూపించి ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. చిత్రమేమిటంటే ఆయిలర్ వెతుకులాటను అంతగా తగ్గించినది ఫెర్మా చెప్పిన సిద్ధాంతమే. 2³² + 1ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్నుంచి ఒకటి తీసివేయగా వచ్చేది 64 గుణిజమై తీరాలని ఆ సిద్ధాంతంతో తేలుతుంది. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే సమాధానం దొరుకుతుంది. ఆ తర్వాత 1878లో లూకా అనే గణితజ్ఞుడు 64 బదులు 128 గుణిజమే కావాలని చూపించాడు. దానితో 193, 449, 577 కూడా పక్కకు పోయి 257, 641 మాత్రమే మిగులుతాయి. 257 పైన చెప్పిన 3, 5, 17, 257, 65537 వరుసలోని నాలుగో సంఖ్య. ఈ వరుసలో ఏ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు కనుక దాన్ని ప్రయత్నించవలసిన అవసరం కూడా లేదు.

641 నిజంగా భాగిస్తుందా అన్నది పదంకెల భాగహారం లేకుండానే తేల్చే ఒక ఉపాయం ఉంది. 641ని రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి, 5 × 128 + 1. రెండు, 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటిదాన్ని బట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం –1గా తీసుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కి శేషం 1 అవుతుంది. రెండోదాన్ని బట్టి 5⁴ స్థానంలో –2⁴ను పెట్టవచ్చు. పెడితే –2³²కి శేషం 1. అంటే 2³²కి ఒకటి కలిపితే శేషం ఏమీ మిగలదు. పదో తరగతి చదివిన విద్యార్థి ఈ నాలుగు మెట్లనూ ఇట్టే పట్టుకోగలడు. కావాలంటే 6700417ను 641తో నేరుగా గుణించి 4294967297 వస్తుందో లేదో చూసుకోవచ్చు.

ఇక 6700417 ప్రధాన సంఖ్యేనా అనే సందేహం మిగులుతుంది. ఏడంకెల సంఖ్య కదా, తేల్చడం కష్టమని భయపడనక్కర లేదు. దాని వర్గమూలం 2588కీ 2589కీ మధ్య ఉంటుంది. దానికి అంతకంటే చిన్న ప్రధాన కారణాంకం ఉంటే, అది 2³² + 1ను కూడా భాగించాలి కాబట్టి, 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. 2588 లోపల ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. మొదటిదాన్ని ఇంతకు ముందే తోసిపుచ్చాం. మిగిలిన నాలుగింటితో భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఏదీ సున్న కాదు కనుక 6700417 ప్రధాన సంఖ్యే. నాలుగు భాగహారాలతో ముగిసే పని ఇది. ఇరవై అంకెల సంఖ్య పూర్తి కారణాంక విభజనను చదివేవారు తమ చేత్తోనే మొదటినుంచి చివరిదాకా నిర్ధారించుకోగలగడం చాలా అరుదు. ఇంతే పొడవున్న మరో సంఖ్యను కళ్లు మూసుకుని ఎంచుకుంటే ఈ అవకాశం దాదాపుగా దొరకదు. దీని రూపం 2⁶⁴ – 1 కావడం వల్లనే ఇది సాధ్యమైంది. పక్కనే ఉన్న 617ను విడదీయడానికి లాండ్రీ ఎంత శ్రమపడవలసి వచ్చిందో దీనితో పోల్చి చూడవచ్చు.

ఆరోది ప్రధాన సంఖ్య కాకపోవడం వల్ల రేఖాగణితంలో కూడా ఒక హద్దు ఏర్పడింది. స్కేలు, వృత్తలేఖినులతో మాత్రమే 17 భుజాల క్రమ బహుభుజిని నిర్మించవచ్చని 1796లో గాస్ అనే జర్మన్ గణితజ్ఞుడు కనుగొన్నాడు. బేసి సంఖ్యలో భుజాలున్న బహుభుజి అలా సాధ్యం కావాలంటే భుజాల సంఖ్య ఈ వరుసలోని వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధమై ఉండాలి. మనకు తెలిసిన అలాంటి ప్రధాన సంఖ్యలు 3, 5, 17, 257, 65537 ఐదే. వాటి లబ్ధం 4294967295, అంటే సరిగ్గా మన సంఖ్యలోని ఎడమ సగం, 2³² – 1. దాని 32 భాజకాలలో 1ని వదిలేస్తే మిగిలే 31 సంఖ్యలే ఇప్పటికి తెలిసిన అలాంటి బేసి బహుభుజుల భుజాల సంఖ్యలు. గింజల లెక్కకూ బహుభుజుల నిర్మాణానికీ సంబంధం ఉంటుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?

పైన చెప్పిన లూకా 1883లో ప్రచారంలోకి తెచ్చిన హనోయ్ స్తంభాల ఆటలో కూడా ఇదే సంఖ్య కనిపిస్తుంది. 64 బిళ్లలను నియమం తప్పకుండా, అంటే ఒకసారికి ఒక్కటే కదుపుతూ, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, ఒక స్తంభం నుంచి మరో స్తంభానికి మార్చడానికి కనీసం 18446744073709551615 కదలికలు కావాలి. సెకనుకు ఒకటి చొప్పున చేసినా సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలన్న లెక్కతో పోలిస్తే ఇది నలభై రెండు రెట్లు.

మరో విషయంలో మీతో కొంచెం విభేదిస్తున్నాను. అంకెల మొత్తం 87 అన్నదాన్ని ఈ సంఖ్య విశేష లక్షణంగా పెట్టె మొదట్లోనే ఇచ్చారు. 3తో భాగించబడుతుందని చూపడానికి అది ఉపయోగపడుతుంది, కాదనను. అయితే 87 అన్నది మనం పదుల్లో లెక్కించి రాయడం వల్ల వచ్చినది. అదే సంఖ్యను పదహారుల్లో రాస్తే పదహారు స్థానాల్లోనూ 15 విలువగల అంకే వస్తుంది, అంకెల మొత్తం 240 అవుతుంది. రెండుల్లో రాస్తే 64. రాసే పద్ధతి మారినప్పుడల్లా మారిపోయేదాన్ని ముందుపెట్టి, ఎలా రాసినా మారని ఏడు ప్రధాన కారణాంకాలను చివర పెట్టడం నాకు తలకిందులుగా తోచింది. చివరి అంకె 5 అనేది కూడా అలాంటిదే. 5తో భాగించబడడం మాత్రం సంఖ్యకే చెందిన లక్షణం. విద్యార్థులు చదివే పేజీలో ఈ రెండు రకాలనూ కలిపేయకుండా ఉంటే మేలు.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వేయండి. అందులో సంఖ్యను మనవాళ్లు చదువుకోవడానికి వీలుగా 1,84,46,74,40,73,70,95,51,615 అని కామాలతో ఇవ్వండి. ఇరవై అంకెలు ఏకబిగిన ఉంటే కంటికి ఆనవు, ఒక అంకె జారిపోయినా తెలియదు. ఇకముందు పదిహేను అంకెలు దాటిన సంఖ్య ఏది ప్రచురించినా, చివర సున్నలు వరుసగా కనిపిస్తే అది నిజంగా సున్నలతో ముగిసే సంఖ్యేనా, యంత్రం సున్నలు నింపిందా అని ఒకసారి చూసుకోమని మీ సిబ్బందికి చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, సవరణలో సంఖ్య పక్కనే 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417 అన్న లబ్ధాన్నీ, 2⁶⁴ – 1 అన్న రూపాన్నీ కలిపి వేయండి. అప్పుడు ఎక్కడైనా అచ్చుతప్పు దొర్లినా, మూడింటినీ పోల్చి చూసి పాఠకులే దాన్ని పట్టుకోగలుగుతారు.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు